కన్సోల్ గేమ్ శ్రేణుల్లో వీక్షణకోణం, వర్చువల్ రియాలిటీ: ఒక పరిశీలన

కన్సోల్ గేమ్ పరిశ్రమ చాలాకాలంగా శ్రేణుల మీద నిలబడి ఉంది. ఒకే పేరుతో, ఒకే కల్పనాలోకంతో భాగాలు భాగాలుగా వెలువడే ఆటల పరంపరను ఇక్కడ శ్రేణి అంటున్నాం. 1996లో క్యాప్‌కామ్ ప్రారంభించిన రెసిడెంట్ ఈవిల్, 1997లో సోనీ విడుదల చేసిన గ్రాన్ టూరిస్మో ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. సోనీ సంస్థ 2016 అక్టోబరులో తన ప్లేస్టేషన్ 4 కన్సోల్‌కు అనుబంధంగా ప్లేస్టేషన్ వీఆర్ అనే హెడ్‌సెట్‌ను అమ్మకానికి తెచ్చిన నాటి నుంచి, అంటే తలకు తొడుక్కుని రెండు కళ్లకూ రెండు వేరువేరు దృశ్యాలు చూపుతూ ఆటగాడిని ఆ లోకం లోపలే ఉంచే వర్చువల్ రియాలిటీ సాధనం కన్సోల్ పక్కకు చేరిన నాటి నుంచి, ప్రతి పెద్ద శ్రేణి గురించీ ఒక ప్రశ్న వినిపిస్తూనే ఉంది: రాబోయే భాగాన్ని వీఆర్‌లో ఆడవచ్చునా? దీనికి సమాధానాన్ని సాధారణంగా హెడ్‌సెట్ల అమ్మకాల్లోనో, తెర స్పష్టతలోనో వెతుకుతుంటారు. ఆ రెండూ అవసరమైన విషయాలే అయినా అసలు నిర్ణయం అంతకుముందే, ఆట రూపకల్పన దశలోనే జరిగిపోతుందనీ, వీక్షణకోణాన్ని మిగతా నిర్మాణం నుంచి విడదీయగల శ్రేణిలోనే వీఆర్ నిలుస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

టీవీ తెర మీద ఆడే ఆటలో కంటికి కనిపించని ఒక కల్పిత కెమెరా ఉంటుంది. అది పాత్ర కళ్ల స్థానంలో ఉంటే ఫస్ట్ పర్సన్ వీక్షణ అనీ, పాత్ర వెనుకనో పక్కనో ఉండి పాత్రను కూడా చూపిస్తే థర్డ్ పర్సన్ వీక్షణ అనీ వ్యవహరిస్తారు. ఏ స్థానంలో ఉన్నా ఆ కెమెరా మీద అంతిమాధికారం రూపకర్తదే. కథ మలుపు తిరిగే చోట దాన్ని ఆటగాడి చేతుల్లోంచి లాక్కుని, సినిమాలో మాదిరిగా దృశ్యాలను కత్తిరించి అతికించి చూపించే అవకాశం ఆయనకు ఉంటుంది. వీఆర్‌లో ఆ కెమెరా ఆటగాడి తలే. ఆటగాడు తల తిప్పకుండా దృశ్యం తిరిగితే, కన్ను కదలికను చూస్తుండగా చెవిలోపలి సమతుల్యతా వ్యవస్థ కదలిక లేదని చెబుతుంటుంది. ఈ పొంతన లేనితనం వల్లనే చాలామందికి వికారం, తల తిరగడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. దీనికి సాంకేతిక భారం తోడవుతుంది. సాధారణ ఆటలో సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు, అంటే అన్ని నిశ్చల దృశ్యాలు, సరిపోతుండగా, వీఆర్‌లో రెండు కళ్లకూ విడివిడిగా గీస్తూ సెకనుకు 90 లేదా 120 సార్లు తెరను తాజా పరచాలి. అందుచేత వీఆర్ సౌకర్యం కల్పించడమంటే ఉన్న ఆటకు మరొక తెరను తగిలించడం కాదు; రూపకర్త తన చేతిలోని కెమెరాను వదులుకోవడానికి సిద్ధపడటం.

ఈ కోణంలో రెసిడెంట్ ఈవిల్ చరిత్ర ప్రత్యేకంగా పరిశీలించదగినది, ఎందుకంటే అది ముప్పై ఏళ్లుగా వీక్షణకోణాన్ని మారుస్తూ వచ్చిన శ్రేణి. 1996 నాటి తొలి భాగంలో ముందే చిత్రించి పెట్టిన నేపథ్యాల ఎదుట కెమెరా గది మూలల్లో స్థిరంగా ఉండేది. మలుపు అవతల ఏముందో కనిపించకపోవడమే భయానికి మూలం. 2005లో వచ్చిన నాలుగో భాగం కెమెరాను కథానాయకుడి భుజం వెనక్కి తెచ్చింది. 2017 జనవరిలో విడుదలైన ఏడో భాగం ఫస్ట్ పర్సన్ వీక్షణను స్వీకరించింది. దానితోపాటే ప్లేస్టేషన్ వీఆర్‌లో ఆటను మొదటి నుంచి చివరి దాకా ఆడే వీలు కల్పించింది. అప్పటికి చాలా సంస్థలు వీఆర్ పేరుతో అరగంటలో ముగిసే ప్రదర్శనలనే అమ్ముతుండగా, ఒక ప్రధాన శ్రేణిలోని పూర్తిస్థాయి భాగం ఆ సాధనంలో లభించడం చెప్పుకోదగిన పరిణామం. అయితే ఆ వీఆర్ పరిమితమైనదే. ఆటగాడి చేతుల కదలికలను అది గుర్తించదు. నడక, కాల్పులు సాధారణ కంట్రోలర్ మీటలతోనే సాగుతాయి. గురి మాత్రం తల తిరిగిన వైపు ఉంటుంది. వికారం తగ్గించడానికి ఆటగాడు పక్కకు తిరిగేటప్పుడు దృశ్యం కొన్ని డిగ్రీల చొప్పున విడివిడి మెట్లుగా మారేలా ఏర్పాటు చేశారు.

ఆ తరువాతి భాగమైన విలేజ్ విషయంలో జరిగిన క్రమం ఈ వ్యాసవాదానికి బలమైన ఆధారం. 2021 మేలో ఆ ఆట ఫస్ట్ పర్సన్ వీక్షణతోనే విడుదలైంది. 2022 అక్టోబరులో అదనపు భాగంగా థర్డ్ పర్సన్ వీక్షణ వచ్చి చేరింది. 2023 ఫిబ్రవరి 22న, సోనీ రెండో హెడ్‌సెట్ అయిన ప్లేస్టేషన్ వీఆర్ 2 మార్కెట్లోకి వచ్చిన రోజే, ఆ ఆటకు ఉచిత వీఆర్ అనుబంధం అందింది. అంటే రెండేళ్లలోపే ఒకే కోట, ఒకే పల్లె, ఒకే కథ మూడు చూపులతో ఆడదగినవయ్యాయి. ఈసారి చేతులు కూడా ఆట లోపలికి వచ్చాయి: తుపాకీలో గుళ్లు నింపడం మీట నొక్కితే అయిపోయే పని కాక, ఖాళీ మ్యాగజైన్ తీసి కొత్తది అమర్చే చేతిపనిగా మారడంతో, రాక్షసుడు మీదికి వస్తున్న వేళ అదే ఒక పరీక్షగా తయారైంది. శత్రువుల సంఖ్యను గానీ గదుల పరిమాణాన్ని గానీ మార్చకుండానే ఆట కాఠిన్యం మారిపోవడం గమనించదగిన అంశం. అదే సంవత్సరం డిసెంబరులో నాలుగో భాగపు పునర్నిర్మాణానికి కూడా ఉచిత వీఆర్ అనుబంధం వచ్చింది. పుట్టుకతో థర్డ్ పర్సన్ అయిన ఆటను ఆ విధంగా కళ్ల వెనక్కి మార్చగలిగారంటే, క్యాప్‌కామ్ ఈ భాగాలన్నింటికీ వాడుతున్న ఆర్ఈ ఇంజన్‌లో, అంటే ఆటను నడిపే మూల సాఫ్ట్‌వేర్‌లో, చూపును మిగతా నిర్మాణం నుంచి వేరుచేసే పని చాలావరకు సాధ్యపడిందని ఊహించవచ్చు.

గ్రాన్ టూరిస్మోకు ఈ శ్రమ అంతగా అవసరపడలేదు. కారు నడిపేవాడు కూర్చునే ఉంటాడు. చుట్టూ డ్యాష్‌బోర్డు, కిటికీల చట్రం కదలకుండా ఉండి కంటికి ఆనవాలుగా నిలుస్తాయి గనుక వికారం కూడా కొంత అదుపులో ఉంటుంది. పైగా వాహనాల లోపలి భాగాలను సూక్ష్మంగా చిత్రించడం ఆ శ్రేణికి ముందునుంచీ ఉన్న అలవాటు. అయినా 2017లో వచ్చిన గ్రాన్ టూరిస్మో స్పోర్ట్‌లో వీఆర్ పోటీ ఒకే ఒక ప్రత్యర్థి కారుకు పరిమితమైంది. అక్కడ అడ్డుపడింది రూపకల్పన కాదు, యంత్రశక్తి. 2022 మార్చిలో విడుదలైన గ్రాన్ టూరిస్మో 7కు మరుసటి ఏడు ఉచితంగా అందిన మార్పుతో, ఇద్దరు ఒకే తెరను పంచుకుని ఆడే పోటీ మినహా ఆటంతా వీఆర్‌లోకి వచ్చింది. వేరే పేరుతో, వేరే ధరకు అమ్మే ప్రత్యేక వీఆర్ భాగం తయారు చేయకుండా, ఇప్పటికే ఆటను కొన్నవారికి మరొక చూపును జోడించడమే ఇక్కడ అనుసరించిన మార్గం. ప్లేస్టేషన్ వీఆర్ 2ను కొనదగిన వస్తువుగా నిలబెట్టిన ఆటల్లో ఇది ముందువరుసలో ఉంటుందనడం అతిశయోక్తి కాదు.

దీనికి భిన్నమైన మార్గం ఆస్ట్రో బాట్‌ది. 2018లో వచ్చిన ఆస్ట్రో బాట్ రెస్క్యూ మిషన్ థర్డ్ పర్సన్ ఆట అయినా వీఆర్ కోసమే పుట్టింది: ఆటగాడు తానే ఒక పెద్ద రోబోగా ఆ లోకంలో ఉండి, చిన్న రోబోను నడుపుతూ, గోడ అవతల ఏముందో చూడాలంటే నిజంగానే మెడ వంచి తొంగిచూడాలి. చూపే అక్కడ ఆట. కాబట్టి దాన్ని టీవీ తెర మీదికి తేవడం సాధ్యం కాలేదు, తేనూ లేదు. ఆ రోబో శ్రేణిగా ఎదగవలసి వచ్చినప్పుడు వీఆర్‌ను విడిచిపెట్టింది. 2020లో ప్లేస్టేషన్ 5తోపాటు ఉచితంగా వచ్చిన ఆటగా లక్షలాది ఇళ్లకు చేరి, 2024లో పూర్తిస్థాయి ఆటగా విడుదలై, ఆ ఏటి గేమ్ అవార్డ్స్‌లో అత్యుత్తమ ఆట పురస్కారం అందుకుంది. ఈ రెండింటికీ వీఆర్ లేదు. వీఆర్‌లో రూపుదిద్దుకున్న అత్యంత సృజనాత్మకమైన కన్సోల్ పాత్ర వీఆర్ బయట మాత్రమే విస్తృత ఖ్యాతి పొందిందన్న వాస్తవం ఈ రంగ అభిమానులకు రుచించకపోవచ్చు గానీ, దాన్ని దాటవేయడానికి వీల్లేదు. హొరైజన్ శ్రేణి మూడో దారి తొక్కింది; 2023లో వచ్చిన కాల్ ఆఫ్ ది మౌంటెన్ ప్రధాన కథానాయిక ఎలోయ్‌ని పక్కన ఉంచి, రియాస్ అనే మరొక పాత్రతో కొండలెక్కడం, బాణాలు వేయడం చుట్టూ అల్లిన ఉపకథ. చూడచక్కని ఆటే అయినా శ్రేణి ప్రధాన ప్రవాహానికి అది ఒడ్డునే ఉండిపోయింది.

ఇటువంటి వీఆర్ ఉపకథలకు డబ్బు పెట్టేవారు ఎందుకు తగ్గుతున్నారో అంకెలు చెబుతాయి. 2019 చివరికి ప్లేస్టేషన్ 4 కన్సోళ్లు 10.6 కోట్లు అమ్ముడుకాగా, అదే సమయానికి ప్లేస్టేషన్ వీఆర్ హెడ్‌సెట్లు 50 లక్షలు అమ్ముడయ్యాయని సోనీ ప్రకటించింది. అంటే కన్సోల్ ఉన్నవారిలో 5 శాతానికి లోపు. ప్లేస్టేషన్ వీఆర్ 2 వచ్చినప్పుడు దాని ధర 550 డాలర్లు, ప్లేస్టేషన్ 5 ధర 500 డాలర్లు. అనుబంధ పరికరం ప్రధాన యంత్రం కన్నా ఖరీదైంది. భారతదేశానికి అది పది నెలలు ఆలస్యంగా, సుమారు 58 వేల రూపాయల ధరతో చేరింది. 2025 మార్చిలో ధరను 400 డాలర్లకు తగ్గించారు గానీ, అప్పటికే 2024 ఫిబ్రవరిలో సోనీ తన వీఆర్ ఆటల్లో పేరొందిన బ్లడ్ అండ్ ట్రూత్‌ను రూపొందించిన లండన్ స్టూడియోను మూసివేయనున్నట్లు ప్రకటించి ఉంది. యూబీసాఫ్ట్ సంస్థ అసాసిన్స్ క్రీడ్ శ్రేణి నుంచి నెక్సస్ అనే వీఆర్ భాగాన్ని 2023 నవంబరులో విడుదల చేసి, ఫలితం ఆశించినంతగా లేదని కొద్ది నెలల్లోనే ప్రకటించింది. మెటా సంస్థ 2021లో ఆర్భాటంగా ప్రకటించిన గ్రాండ్ థెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్ వీఆర్ రూపం 2024లో నిరవధికంగా ఆగిపోయింది.

ధర కన్నా లోతైన సమస్య మరొకటి ఉంది. రెండో హెడ్‌సెట్‌లో మొదటి హెడ్‌సెట్ ఆటలు నడవవు. మొదటిదాని కదలికలను గదిలో పెట్టిన కెమెరా బయటి నుంచి గమనిస్తే, రెండోదాని కదలికలను దానిలోనే ఉన్న కెమెరాలు లోపలి నుంచి గమనిస్తాయి. కంట్రోలర్లు కూడా పూర్తిగా వేరు. దీనితో రెసిడెంట్ ఈవిల్ 7 వీఆర్ రూపం పాత పరికరానికే కట్టుబడిపోయింది. 2022లో ఆ ఆటకు ప్లేస్టేషన్ 5 కోసం మెరుగుపరచిన రూపం వచ్చినా అందులో వీఆర్ లేదు. వీఆర్‌లో ఆడాలనుకునేవారు ప్లేస్టేషన్ 4 రూపాన్నే, పాత హెడ్‌సెట్‌తో, కెమెరా అడాప్టర్‌తో నడుపుకోవాలి. శ్రేణి అంటే పాత భాగాలు కొత్తతరానికి అందుబాటులో ఉంటూ రావడం కూడా గనుక, తరం మారిన ప్రతిసారీ తెగిపోయే సౌకర్యాన్ని ఏ శ్రేణీ తన అంతర్భాగంగా చేసుకోలేదు. వీఆర్‌కు కన్సోల్ లోకంలో జరిగిన నష్టాల్లో దీన్నే పెద్దదిగా భావించవలసి ఉంటుంది.

మిగతా రెండు కన్సోల్ సంస్థల గురించి చెప్పవలసింది తక్కువే. మైక్రోసాఫ్ట్ 2016లో ప్రాజెక్ట్ స్కార్పియో పేరుతో కొత్త యంత్రాన్ని ప్రకటించినప్పుడు వీఆర్ సామర్థ్యాన్ని ఘనంగా చెప్పుకుంది. మరుసటి ఏడు అదే ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌గా వచ్చినప్పుడు ఆ మాట మాయమైంది. 1995లో వర్చువల్ బాయ్ అనే యంత్రంతో చేతులు కాల్చుకున్న నింటెండో, 2019లో అట్టముక్కలతో పిల్లలే తయారుచేసుకునే లేబో వీఆర్ కళ్లద్దాలను తెచ్చి, మారియో, జెల్డా శ్రేణుల్లోని ఒక్కో ఆటకు దాన్ని జోడించింది. కళ్లద్దాలను చేత్తో పట్టుకుని చూడవలసిన ఆ ఏర్పాటు సరదా దశను దాటలేదు.

ఈ వాదానికి ఎదురుగా నిలిచే ఉదాహరణ హాఫ్ లైఫ్ శ్రేణి. 2007 తరువాత పదమూడేళ్ల విరామానికి, 2020 మార్చిలో, వాల్వ్ సంస్థ ఆ శ్రేణిలో ఎలిక్స్ అనే భాగాన్ని పూర్తిగా వీఆర్ కోసమే తయారుచేసి, శ్రేణి ప్రధాన కథనే దాని ద్వారా ముందుకు నడిపింది. అయితే ఆ సంస్థ ఆటను తన సొంత దుకాణమైన స్టీమ్‌లో, తన సొంత హెడ్‌సెట్‌కు ఊతంగా, కంప్యూటర్ వినియోగదారులకు అమ్ముకుంది. ఆట ఒక్కటే లాభం తేవలసిన ఒత్తిడి దానికి లేదు. ప్రతి భాగమూ తన ఖర్చును తానే రాబట్టుకోవలసిన కన్సోల్ ప్రచురణకర్తకు ఆ వెసులుబాటు ఉండదు. ఈ మినహాయింపు కన్నా కంప్యూటర్ రంగంలో జరిగిన మరొక పరిణామం భవిష్యత్తును ఎక్కువగా సూచిస్తుంది. ఔత్సాహిక ప్రోగ్రామర్లు ఆర్ఈ ఇంజన్ ఆటలకు అనధికారికంగా వీఆర్ రూపాలను తయారుచేశారు; ఆ తరువాత యూఈవీఆర్ అనే ఉచిత సాధనం అన్‌రియల్ ఇంజన్ 4, 5 లతో నిర్మించిన ఎన్నో ఆటలను ఒక్కో ఆటకూ ప్రత్యేక శ్రమ లేకుండా హెడ్‌సెట్‌లో చూపగలిగింది. ఫలితాలు అన్నిచోట్లా మెరుగ్గా ఉండవు. కట్‌సీన్లు, అంటే సినిమాలా నడిచే కథాదృశ్యాలు, తడబడతాయి, చేతులు గాలిలో తేలుతాయి. అయినా చూపును ఆట స్థాయిలో కాక ఇంజన్ స్థాయిలో మార్చవచ్చునని అవి నిరూపించాయి. 2019లో ఖరారైన ఓపెన్‌ఎక్స్‌ఆర్ అనే ప్రమాణం కూడా, ఏ సంస్థ హెడ్‌సెట్‌తోనైనా ఆట ఒకే భాషలో సంభాషించే వీలు కల్పించడం ద్వారా, ఈ దిశకే దోహదం చేస్తుంది. సోనీ 2024 ఆగస్టులో అడాప్టర్ ద్వారా తన రెండో హెడ్‌సెట్‌ను కంప్యూటర్‌కు కలిపే సదుపాయం ఇచ్చినప్పుడు, కంటిచూపు దిశను గుర్తించే సౌకర్యం, హెచ్‌డీఆర్ రంగుల వంటి దాని ప్రత్యేకతలు అక్కడ పనిచేయకుండా పోవడం మాత్రం, కన్సోల్ గోడలు ఇంకా ఎంత మందంగా ఉన్నాయో చూపిస్తుంది.

కాబట్టి ఏ శ్రేణిలో వీఆర్ కొనసాగుతుందన్నది హెడ్‌సెట్ల అమ్మకాల కన్నా, ఆ శ్రేణి తన కెమెరాతో ఏం చేస్తోందన్న దాన్నిబట్టి అంచనా వేయడం మేలు. రేసింగ్, విమానయుద్ధం వంటి కూర్చుని ఆడే రకాలకు చిక్కు తక్కువ. సినిమా తరహా థర్డ్ పర్సన్ శ్రేణులు తమ కట్‌సీన్ల మీద అధికారాన్ని వదులుకోవడం కష్టం. వీటి మధ్య ఉన్న రెసిడెంట్ ఈవిల్, 2025 జూన్‌లో ప్రకటించిన రిక్వియం అనే భాగంలో ఆటగాడు ఆట మధ్యలోనే ఫస్ట్ పర్సన్, థర్డ్ పర్సన్ వీక్షణల్లో తనకు నచ్చినదానికి మారే ఏర్పాటు చేసింది. ఆ ప్రకటనలో వీఆర్ ప్రస్తావన లేదు. కానీ ప్రతి గదినీ, ప్రతి పోరాటాన్నీ రెండు చూపులకూ సరిపోయేలా నిర్మించే ఖర్చును ఆ సంస్థ ఎటూ భరించింది గనుక, మూడో చూపుకు కావలసిన పనిలో పెద్దభాగం హెడ్‌సెట్ మార్కెట్‌తో నిమిత్తం లేకుండానే పూర్తయినట్టు లెక్క.