వాంగ్ మౌ తెలిపిన రహస్యము

1930లో బర్మానుండి వాంగ్ మౌ అను గోధుమరంగు ఆడుపిల్లి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు చేరెను. అది కొంచెము ముదురు రంగుగల సయామీ పిల్లియే అని పలువురు తలచిరి. దానిని పెంచిన డాక్టరు జోసెఫ్ థాంప్సన్ మాత్రము అది వేరు జాతి యనెను. ఈ తగవు వాదముతో తీరదు. సంతతియే తీర్పు చెప్పవలెను.

దాని జాతి మగపిల్లి దొరకనందున థాంప్సన్ దానిని తాయ్ మౌ అను సయామీ పిల్లితో జతకూర్చెను. పుట్టిన కూనలలో కొన్ని సయామీవి, కొన్ని తల్లిని పోలినవి. వాంగ్ మౌ శుద్ధజాతిదైనచో కూనలన్నియు ఒకే తీరున నుండవలెను గదా! పిమ్మట తల్లిని పోలిన కూనను తిరిగి తల్లితో జతకూర్చగా మూడు రకములు కలిగెను: సయామీ, తల్లి పోలిక, తల్లికంటె ముదురు గోధుమరంగు.

రహస్యము బయటపడెను. మూడవదియే శుద్ధమైన బర్మా పిల్లి. వాంగ్ మౌ ఆ రెండు జాతుల సంకరము. ఇరుపక్షముల మాటలోను సగమే నిజము! జన్యుశాస్త్రజ్ఞుడు క్లైడ్ కీలర్ మొదలగువారితో కలిసి జరిపిన ఈ పరిశోధన 1943లో ప్రకటింపబడెను. థాంప్సన్ ఆ యేడే మరణించెను.

ఈ రెండు రంగులకును కారణము ఒకే జన్యువులోని రెండు మార్పులని 2005లో తెలిసినది. మెండెల్ చెప్పిన 1:2:1 నిష్పత్తికి ఇంతకంటె ముచ్చటైన ఉదాహరణ మేమి కావలెను?