శిశువిద్యలో కీటక పరిచయం

శిశువిద్యలో కీటక పరిచయం అనగా మూడు నుండి ఆరు సంవత్సరాల వయస్సు గల పిల్లలకు ఆటలు, అభినయ గేయాలు, చేతిపనులు, ప్రత్యక్ష పరిశీలన ద్వారా కీటకాలను గురించి తెలియజేసే బోధనా విధానం. అంగన్‌వాడీ కేంద్రాలు, బాలవాడీలు, నర్సరీ పాఠశాలలలో ఇది పరిసరాల విజ్ఞానానికి తొలిమెట్టుగా ఉపయోగపడుతుంది. ఇంతవరకు శాస్త్రజ్ఞులు గుర్తించి పేర్లు పెట్టిన కీటక జాతులు సుమారు 10 లక్షలు. ఏ గ్రామంలోనైనా, ఏ పట్టణంలోనైనా ఖర్చు లేకుండా పిల్లల కంటికి ఎదురయ్యే జీవులు ఇవి. అయినప్పటికీ పెద్దలు "పురుగు, ముట్టుకోకు" అని చెప్పడంతోనే చాలామంది పిల్లలకు కీటకాలతో పరిచయం మొదలై, అక్కడే ముగుస్తుంది. ఆ వయస్సులో ఏర్పడిన భయం, అసహ్యం పెద్దయిన తరువాత కూడా నిలిచిపోయే అవకాశం ఉన్నందున ఈ బోధనకు ప్రాముఖ్యం కలిగింది.

చారిత్రక నేపథ్యం

చిన్నపిల్లలకు ప్రకృతిని ప్రత్యక్షంగా చూపి బోధించాలన్న ఆలోచనకు ఐరోపాలో బలమైన పునాది వేసినవారిలో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782-1852) ముఖ్యుడు. ఆయన 1837లో స్థాపించిన శిశు విద్యాసంస్థకు 1840లో కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఈ మాటకు 'పిల్లల తోట' అని అర్థం. అక్కడ పిల్లలు స్వయంగా మొక్కలు పెంచేవారు. తోట ఉన్నచోట కీటకాలు కూడా పాఠంలో భాగమవడం సహజం.

ఫ్రాన్సు దేశస్థుడైన ఝాఁ హెన్రీ ఫాబ్రే (1823-1915) బడిపంతులుగా జీవితం ప్రారంభించి, పెరటిలోని పురుగులను ఏళ్ల తరబడి ఓపికతో గమనించి పది సంపుటాల గ్రంథం రచించాడు. కీటకాలను చంపి పెట్టెలలో గుచ్చడం కంటే బ్రతికి ఉండగా వాటి ప్రవర్తనను చూడటమే గొప్ప విద్య అని ఆయన కృషి నిరూపించింది.

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి (1870-1952) 1907లో రోము నగరంలో తన మొదటి బాలల గృహాన్ని ప్రారంభించింది. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధ కాలమంతా భారతదేశంలోనే గడిపింది. కొడైకెనాల్‌లో ఉన్న రోజులలో పిల్లలతో కలిసి ప్రకృతి పరిశీలన జరిపింది. అంతకుముందే గుజరాతులో గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని నెలకొల్పి, దండన లేని, ఆటపాటలతో కూడిన విద్యకు మార్గం చూపాడు.

భారతదేశంలో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైంది. ఈ పథకం క్రింద ఏర్పడిన అంగన్‌వాడీ కేంద్రాలలో మూడు నుండి ఆరేళ్ల పిల్లలకు పాఠశాల పూర్వ విద్య అందించడం ఒక ముఖ్య సేవ. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ల వయస్సును పునాది దశగా గుర్తించింది. 2022లో ఈ దశకై వెలువడిన జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం ఆటను బోధనకు కేంద్రంగా నిలిపింది.

పిల్లల మనస్తత్వం

ఈ వయస్సు పిల్లలు కదిలే ప్రతి వస్తువుకూ ప్రాణం ఉందని, దానికి తమవంటి కోరికలు, కోపతాపాలు ఉన్నాయని భావించే ధోరణి కలిగి ఉంటారని స్విట్జర్లాండు మనస్తత్వవేత్త ఝాఁ పియాజె (1896-1980) వివరించాడు. చీమ ఇంటికి పోతున్నదని, దానికి వాళ్ల అమ్మ ఎదురు చూస్తున్నదని పిల్లవాడు అంటే ఉపాధ్యాయులు ఖండించనవసరం లేదు. ఆ మాటను ఆధారం చేసుకుని "అయితే దాని ఇల్లు ఎక్కడుందో చూద్దామా?" అని పరిశీలనకు మళ్ళించడం ఉత్తమం.

గొంగళిపురుగు, సీతాకోకచిలుక ఒకే ప్రాణి అన్న విషయం మాటలతో చెబితే మూడేళ్ల పిల్లలకు అందదు. అవి రెండూ వేర్వేరు అని వారి కన్ను చెబుతుంది. రోజుల తరబడి ఒకే పురుగును చూచినప్పుడే ఈ మార్పును వారు అంగీకరిస్తారు.

మొదట తెలియవలసిన విషయాలు

పిల్లలకు శాస్త్ర పరిభాష అక్కరలేదు. అయితే బోధించేవారికి మాత్రం కొన్ని విషయాలు నిర్ద్వంద్వంగా తెలిసి ఉండాలి.

* కీటకం శరీరంలో తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలు ఉంటాయి. ఆరు కాళ్లూ వక్షానికే ఉంటాయి. రెక్కలు ఉన్న కీటకాలలో అవి కూడా వక్షం నుండే పుడతాయి. తల మీద రెండు స్పర్శశృంగాలు (మీసాలు) ఉంటాయి.
* సాలెపురుగు, తేలు ఎనిమిది కాళ్ల జీవులు, కాబట్టి కీటకాలు కావు. జెర్రి, రోకలిబండ, వానపాము కూడా కీటకాలు కావు.
* తొలకరిలో, ఆరుద్ర కార్తె సమయంలో నేలమీద ఎర్రని మఖమలు ముక్కలవలె కనిపించే ఆరుద్ర పురుగును తెలుగునాట పిల్లలందరూ ఇష్టపడతారు. పెరిగిన ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు ఉంటాయి. వాడుకలో పురుగు అన్నంత మాత్రాన ప్రతి ప్రాణీ కీటకం కాదని చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.
* గొంగళిపురుగుకు చాలా కాళ్లు ఉన్నట్లు కనిపిస్తుంది. ముందున్న మూడు జతలే నిజమైన కాళ్లు. వెనుక ఉన్నవి పట్టు కోసం ఏర్పడిన కండగల మొటిమలు. లెక్కపెట్టిన పిల్లవాడు "ఆరు కాదు" అంటే వాడు తప్పు చెప్పలేదని ఉపాధ్యాయులు గ్రహించాలి.
* సీతాకోకచిలుకలో గుడ్డు, డింభకం (గొంగళిపురుగు), ప్యూపా, ప్రౌఢజీవి అను నాలుగు దశలు కలవు. మిడతలో ప్యూపా దశ లేదు. గుడ్డు నుండి వెలువడిన పిల్ల మిడత రెక్కలు లేని చిన్న మిడతవలెనే ఉంటుంది.

ఆటలు, కృత్యాలు

కాళ్ల లెక్క: ముగ్గురు పిల్లలు ఒకరి వెనుక ఒకరు నిలబడి, ముగ్గురి కాళ్లతో ఆరు కాళ్ల పురుగుగా నడిచే ఆట చాలాచోట్ల ఆడిస్తారు. దీనివలన తలకూ ఉదరానికీ కూడా కాళ్లు ఉంటాయన్న పొరపాటు భావన కలుగుతుంది. దానికి బదులు బంకమట్టితో మూడు ఉండలు చేయించి, నడిమి ఉండకు మాత్రమే ఆరు కొబ్బరి ఈనె ముక్కలు, ముందు ఉండకు రెండు మీసాలు గుచ్చించడం మేలు. జొన్న బెండ్లు, కోడిగుడ్ల అట్టలు కూడా ఈ బొమ్మలకు పనికివస్తాయి.

చీమల విందు: ఆరుబయట ఒక ఆకు మీద బెల్లం, ఉప్పు, బియ్యపుపిండి, చింతపండు కొద్దికొద్దిగా వేర్వేరుగా ఉంచాలి. చీమలు దేని దగ్గరకు ముందు చేరతాయో పిల్లలు ముందుగా ఊహించి చెప్పాలి, తరువాత చూడాలి. చీమలు నేలమీద వదిలే రసాయన పదార్థపు జాడను పట్టుకుని ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. బారుకు అడ్డంగా వ్రేలితో నేలను రుద్దితే అవి కొంతసేపు దారి తప్పి తచ్చాడటం కనిపిస్తుంది. వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేయడంలో చీమలకు ఆహారం పెట్టడమనే భావన కూడా ఉన్నదని ఈ సందర్భంలో చెప్పవచ్చును.

పువ్వూ తేనెటీగా: రంగు కాగితాల పూల మధ్య ఒకదానిలో పసుపు, మరొకదానిలో బియ్యపుపిండి ఉంచాలి. పిల్లలు తడి దూది ఉండలతో తేనెటీగలై ఒక పువ్వు నుండి మరొక పువ్వుకు వెళ్ళినప్పుడు పొడి తనంతట తానే చేరుతుంది. పుప్పొడి ఎట్లు మారుతుందో వివరణ లేకుండానే తెలుస్తుంది. తేనెటీగలు నృత్యం ద్వారా పూల జాడను తోటి ఈగలకు తెలుపుతాయని కనుగొన్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. దాచిన పువ్వు ఎక్కడుందో మాట్లాడకుండా నాట్యంతోనే తెలిపే ఆటను ఐదేళ్ల పిల్లలు ఉత్సాహంగా ఆడతారు.

పేడపురుగు పరుగు: పేడపురుగు తల క్రిందికి పెట్టి వెనుక కాళ్లతో ఉండను వెనుకకు నెట్టుకుంటూ పోతుంది. గుడ్డ బంతిని అదే విధంగా కాళ్లతో నెట్టే పందెం శరీర కదలికలకు మంచి వ్యాయామం.

ఇసుక గుంటలు: చూరు క్రింద పొడి ఇసుకలో గరాటు ఆకారపు చిన్న గుంటలు కనిపిస్తాయి. వాటి అడుగున చీమల కొరకు పొంచి ఉండే పురుగు పెరిగి పెద్దదై తూనీగవలె రెక్కలు గల కీటకంగా మారుతుంది. గుంటను చెరపకుండా చుట్టూ కూర్చుని నిశ్శబ్దంగా చూడటం పిల్లలకు ఓర్పును నేర్పుతుంది.

గొంగళిపురుగు పెంపకం

ఈ బోధనలో అత్యంత ప్రభావవంతమైన కృత్యం ఇది. నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు చెట్ల లేత ఆకులపై నిమ్మజాతి సీతాకోకచిలుక లేత పసుపురంగు గుండ్రని గుడ్లు పెడుతుంది. చిన్న గొంగళిపురుగు పక్షి రెట్టవలె నలుపు, తెలుపు మచ్చలతో ఉండి శత్రువుల కంటబడదు. పెరిగిన పిమ్మట ఆకుపచ్చగా మారుతుంది. కదిలిస్తే తల వెనుక నుండి ఘాటైన వాసన గల చీలిన కొమ్మువంటి అవయవాన్ని వెలికి తీస్తుంది. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి సీతాకోకచిలుక వరకు సుమారు నెల రోజులు పడుతుంది.

* వెడల్పు మూతి గల సీసాకు పలుచని గుడ్డ కట్టి, అందులో పురుగు దొరికిన చెట్టు కొమ్మనే ఉంచాలి. వేరే ఆకులు అది తినదు.
* ప్రతిదినం తాజా ఆకు వేయడం, రెట్టలు తుడవడం పిల్లలకు వంతులవారీగా అప్పగించాలి.
* ప్యూపా నుండి వెలువడుతున్న సీతాకోకచిలుకకు సహాయం చేయరాదు. అది తనంతట తాను బయటపడి, రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకోవాలి. ఆ తరువాత పిల్లలందరి సమక్షంలో విడిచిపెట్టాలి.

కొన్నిసార్లు పురుగు చనిపోతుంది. కొన్నిసార్లు దాని శరీరం నుండి చిన్న పరాన్న కందిరీగలు వెలువడతాయి. దీనిని దాచి వేరొక పురుగును పెట్టడం సరికాదు. జరిగినది చిన్న మాటలలో చెప్పి, పిల్లల ప్రశ్నలకు సూటిగా సమాధానం ఇవ్వాలి. మరణాన్ని గురించి పిల్లలకు కలిగే తొలి సందేహాలకు ఇది అవకాశమిస్తుంది.

పట్టుపురుగుల పెంపకం సాగే హిందూపురం వంటి ప్రాంతాలలో మల్బరీ ఆకులు మేసే పురుగులను చూపడం సులభం. పట్టుపురుగు చుట్టుకునేది దారపు గూడు. సీతాకోకచిలుక ప్యూపాకు అటువంటి గూడు ఉండదు. 1969లో వెలువడి ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఎరిక్ కార్ల్ బొమ్మల పుస్తకం 'ది వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్'లో కూడా సీతాకోకచిలుక గూటి నుండి వెలువడినట్లు ఉన్నది. పుస్తకం చదివి వినిపించేవారు ఈ భేదాన్ని గమనించాలి.

జాగ్రత్తలు

* తేనెపట్టు, కందిరీగల గూడు, ఎర్రచీమల పుట్టల దరిదాపులకు పిల్లలను తీసుకుపోరాదు.
* రాళ్లు, కట్టెలు పెద్దలు మాత్రమే ఎత్తి చూడాలి. వాటి క్రింద తేళ్లు, జెర్రులు ఉండవచ్చు.
* దట్టమైన నూగు గల గొంగళిపురుగులను తాకితే దురద, దద్దుర్లు కలుగుతాయి.
* జిల్లేడు మీద చారల గొంగళిపురుగులు విరివిగా దొరుకుతాయి. అయితే జిల్లేడు పాలు కంటికి ప్రమాదకరం. అక్కడ దూరం నుండి చూపడమే మంచిది.
* పురుగుమందు చల్లిన పొలాలకు, తోటలకు వెళ్లరాదు.
* పరిశీలన ముగిసిన వెంటనే సబ్బుతో చేతులు కడిగించాలి.

దయ, విచక్షణ

తూనీగ తోకకు దారం కట్టి ఎగురవేయడం, మిణుగురులను అగ్గిపెట్టెలో బంధించడం తరతరాలుగా పల్లెలలో పిల్లలు ఆడుతున్న ఆటలు. వీటికి శిక్షించడం వలన పిల్లవాడు చాటుగా ఆడటం నేర్చుకుంటాడు. ఆ పురుగు ఏమి తింటుంది, ఎక్కడ నిద్రపోతుంది అని అడిగి, దానిని వదిలిన తరువాత ఎటు పోతుందో చూడమనడం ఎక్కువ ఫలితమిస్తుంది. పేరు తెలిసిన ప్రాణిని నలిపివేయడానికి పిల్లల చేయి సులభంగా రాదు.

"మరి దోమను చంపవచ్చా?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దోమలు, ఈగలు రోగాలను వ్యాపింపజేస్తాయి. వాటి నుండి రక్షించుకోవడం అవసరమేనని చెప్పాలి. నిలువ నీటిలో గిలగిలలాడే దోమ డింభకాలను చూపి, ఆ నీటిని పిల్లల చేతనే పారబోయించడం డెంగ్యూ నివారణకు మంచి పాఠం. కీటకాలను మంచివి, చెడ్డవి అని రెండుగా విభజించడం కంటే ఏది ఏమి చేస్తుందో చెప్పడం సత్యానికి దగ్గరగా ఉంటుంది.

భాష

మిడత, తూనీగ, తుమ్మెద, కీచురాయి, మిణుగురు, గొల్లభామ వంటి పేర్లు ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లలకు క్రమంగా దూరమవుతున్నాయి. ఒకే పేరు వేర్వేరు ప్రాంతాలలో వేర్వేరు పురుగులకు వాడుకలో ఉండటం కూడా కలదు. పిల్లల ఇంట్లో అవ్వలు, తాతలు పిలిచే పేరును అడిగి తెలుసుకు రమ్మనడం వలన ఇంటికీ బడికీ సంబంధం ఏర్పడుతుంది.

మూల్యాంకనం

ఈ వయస్సులో పరీక్షలు అనవసరం. పాఠం ప్రారంభానికి ముందు ఒకసారి, నెల తరువాత ఒకసారి చీమ బొమ్మ గీయిస్తే తేడా తెలుస్తుంది. కాళ్లు ఆరు వేశాడా అన్నదానికంటే, పిల్లవాడు ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నాడు, మునుపు భయపడిన పురుగు దగ్గర ఎంతసేపు కూర్చుంటున్నాడు అన్నవి సరైన కొలమానాలు.

ఇవి కూడా చూడండి

* కీటకాలు
* సీతాకోకచిలుక
* రూపవిక్రియ
* అంగన్‌వాడీ
* మరియా మాంటిస్సోరి