మహానగరాల జనాభా: పోల్చే ముందు చూడాల్సిన రెండు విషయాలు

మొదటిది హద్దు. 2011 జనగణనలో బృహన్ముంబై కార్పొరేషన్ పరిధిలో 1.24 కోట్ల మంది ఉన్నారు. శివారు పట్టణాలను కలిపితే 1.84 కోట్లు. న్యూయార్క్ (2020), లండన్ (2021) నగర పరిధుల్లో సుమారు 88 లక్షల చొప్పున ఉన్నారు. వీటితో పోల్చాల్సింది 1.24 కోట్లనే.

రెండోది, ఎవరిని ఏ పేరుతో లెక్కించారన్నది. న్యూయార్క్, లండన్‌లలో నల్లజాతీయులమని చెప్పుకున్నవారంతా ఆ లెక్కలోకి వస్తారు. ముంబైలో ఎస్సీల లెక్క మహారాష్ట్ర జాబితాను బట్టి ఉంటుంది. ఆ జాబితాలో లేని కులాల వలస దళితులు అందులోకి రారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ, ముస్లిం దళితులూ రారు. కాబట్టి జనగణనలోని ఎస్సీ సంఖ్యను నగరంలోని మొత్తం దళితుల సంఖ్యగా మేం తీసుకోం. కనీస సంఖ్యగానే వాడతాం.