సత్ప్రసాదానికి ఎంత దూరం?

మా నాయనమ్మ ఆదివారం పూజకు వెళ్ళి వచ్చేదాకా మంచినీళ్ళైనా ముట్టేది కాదు. శనివారం అర్ధరాత్రి నుంచే ఆమెకు ఉపవాసం. ఆ నియమం సడలి ఏళ్ళు గడిచాయని విచారణ గురువులు చెప్పినా, "ప్రభువుకంటే ముందు కాఫీ లోపలికి పోతుందా?" అనేది. ఇరుగుపొరుగుతో మాటామాటా అనుకున్న వారం సత్ప్రసాదానికి లేచేదే కాదు. తలపై కొంగు కప్పుకొని, వెనుక వరుసలో మోకరించి ఉండిపోయేది. అది భక్తియా, భయమా అన్న ప్రశ్న నాకప్పుడు తోచలేదు. తరువాత శ్రీసభ చరిత్ర చదువుతుంటే, ఆ వెనుక వరుస చాలా పాతదని తెలిసింది.

కతోలికులు కాని మిత్రుల కోసం ఒక మాట. పూజలో గోధుమ అప్పమూ, ద్రాక్షారసమూ క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని మా విశ్వాసం. రూపమూ రుచీ మునుపటివే. ఉన్నది మాత్రం సాక్షాత్తూ ఆయనే. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆయనే అయితే, స్వీకరించడానికి నాకేపాటి అర్హత?

తొలి శతాబ్దాల క్రైస్తవులు కూడినప్పుడల్లా ఆ అప్పాన్ని పంచుకున్నారు. మధ్యయుగాలకు వచ్చేసరికి భయభక్తులు పెరిగి, స్వీకరించేవారు తగ్గిపోయారు. చివరకు 1215లో నాలుగవ లాటరన్ మహాసభ, ఏడాదికి ఒక్కసారి, పాస్కా కాలంలోనైనా స్వీకరించి తీరాలని శాసించవలసి వచ్చింది! విందుకు పిలిచినవాడు అతిథులను బతిమాలినట్టుంది ఆ శాసనం.

తినడానికి జంకినవారు చూడడానికి ఆరాటపడ్డారు. గురువు అప్పాన్ని తలకంటే ఎత్తుగా ఎత్తి చూపే ఆచారం పారిస్ ప్రాంతంలో స్థిరపడింది ఆ కాలంలోనే. నేటి బెల్జియంలోని లియేజ్ పట్టణంలో జూలియానా అనే సన్యాసినికి, నిండు చంద్రునిపై ఒక నల్లని చార పదే పదే దర్శనమిచ్చేదట. సత్ప్రసాదానికంటూ ఒక పండుగ లేని లోటే ఆ చార అని ఆమె గ్రహించింది. 1246లో అక్కడి మేత్రాణులు రాబర్ట్ తమ మేత్రాసనంలో ఆ పండుగను ఆదేశించారు. లియేజ్‌లో ఒకప్పుడు సేవ చేసిన గురువే నాలుగవ అర్బన్ పోపుగా 1264లో దానిని శ్రీసభ అంతటికీ విస్తరించారు. అప్పటికి జూలియానా కన్నుమూసి ఆరేళ్ళు. నేటికీ జరిగే క్రీస్తు శరీర రక్తముల మహోత్సవం అదే.

పండుగ వచ్చింది కాని, దూరం తగ్గలేదు. పూజకు వచ్చిన ప్రతివారూ స్వీకరిస్తే బాగుండునని 1562లో ట్రెంట్ మహాసభ ఆశించింది. అయితే 1643లో ఆంట్వాన్ ఆర్నో ఫ్రాన్సులో రాసిన గ్రంథం, తరచుగా స్వీకరించడాన్నే శంకించి, ముందు దీర్ఘ ప్రాయశ్చిత్తం కావాలన్నది. ఆయన అనుచరులకు వెనుక వరుసే అసలైన భక్తి.

ఈ ముడి విప్పినవారు పదవ పయస్ పోపు. చావైన పాపం లేకుండా, సదుద్దేశంతో వచ్చే ఎవరినీ ఆపరాదని, ప్రతిదినం స్వీకరించవచ్చని 1905 డిసెంబరులో ప్రకటించారు. సత్ప్రసాదం సద్గుణానికి ఇచ్చే బహుమానం కాదు, బలహీనతకు మందు అన్నది ఆ ప్రకటన సారాంశం. 1910లో, పన్నెండేళ్ళ దాకా ఆగుతున్న పిల్లలకు దాదాపు ఏడేళ్ళకే ద్వారం తెరిచారు. మామూలు అప్పానికీ, ఈ అప్పానికీ తేడా తెలిస్తే చాలునన్నారు.

ఉపవాసం కూడా క్రమంగా సడలింది. మంచినీళ్ళు ఉపవాసభంగం కావని 1953లో పన్నెండవ పయస్ అన్నారు. 1957లో దానిని మూడు గంటలకు కుదించారు. 1964 నవంబరులో ఆరవ పౌలు ఒక గంట చేశారు. కొద్దిరోజులకే ఆయన బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ సత్ప్రసాద మహాసభకు వచ్చారు. మన దేశంలో అడుగుపెట్టిన మొదటి పోపు ఆయనే.

నాయనమ్మ చివరి జబ్బులో గురువులు ఇంటికే సత్ప్రసాదం తెచ్చారు. "మందుతో నీళ్ళు తాగాను స్వామీ" అని ఆమె ముఖం తిప్పుకుంది. "ఇదీ మందేనమ్మా" అన్నారాయన మెల్లగా. అప్పుడు నోరు తెరిచింది. ఆ గురువుల నోట పలికినది పదవ పయస్ అని నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

ఇప్పుడు నేను ప్రతి ఆదివారం లేచి వరుసలో నిలబడతాను. ఆ స్వేచ్ఛకు కృతజ్ఞుణ్ణి. కాని టిఫిను తిని, గడియారం చూసుకుని, ఇంటికి వెళ్ళాక చేయవలసిన పనులు తలుచుకుంటూ చేయి చాచిన రోజులున్నాయి. ఆమె దూరంగా ఉండి వణికింది; నేను దగ్గరికి వెళ్ళి మరిచిపోయాను. తన్ను తాను పరీక్షించుకొని, ఆ పిమ్మట భుజించమన్నాడు పౌలు. ఆమె మొదటి సగం దగ్గర ఆగింది, నేను రెండవ సగానికి తొందరపడ్డాను.

అందుకే ఈమధ్య ఆదివారాలు పూజ ముగిసేదాకా కాఫీ మానేశాను. నియమం కోసం కాదు. లేచి వెళ్ళేముందు ఒక్క క్షణం వెనుక వరుసను తలుచుకోవడానికి.