భద్రగణితము - మాయాచదరము

తొమ్మిది గళ్ళ చదరమున 1 మొదలు 9 వరకు గల అంకెలను, అడ్డముగా కూడినను, నిలువుగా కూడినను, ఐమూలగా కూడినను 15 వచ్చునట్లు కూర్చుట బడిపిల్లలకు పరిచితమైన సమస్య. నూజివీడు మామిడితోటల సీమయందలి పల్లెలనుండి సైనిక పాఠశాలలకును, గురుకులములకును ప్రవేశపరీక్షలు వ్రాయగోరు బాలబాలికలు దీనిని అభ్యసించుచుందురు. మన పాఠ్యపుస్తకములు దీనికి 'మాయాచదర'మని పేరు పెట్టినవి. అది ఆంగ్లనామమునకు అనువాదము. మన ప్రాచీన గణకులు పెట్టిన పేరు 'భద్రము'. ఈ రెండు పేర్ల నడుమ నున్న అంతరము పదభేదము మాత్రమే కాదనియు, బోధనాపద్ధతికి సంబంధించినదనియు మా అభిప్రాయము.

ఈ చదరము మొదట గణితగ్రంథములలో పుట్టలేదు. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమున పదునారు సుగంధద్రవ్యములను పదునారు గళ్ళలో నిలిపి, 1 మొదలు 8 వరకు గల అంకెలను రెండేసి మారులు వాడి, వాని పాళ్ళను నిర్ణయించెను. మొదటి వరుస 2, 3, 5, 8. రెండవది 5, 8, 2, 3. మూడవది 4, 1, 7, 6. నాల్గవది 7, 6, 4, 1. ఎటు కూడినను 18. సుమారు 900 నాటి వృందుని సిద్ధయోగమను వైద్యగ్రంథమున సుఖప్రసవమునకై చెప్పిన తొమ్మిది గళ్ళ చదరమున మొత్తము 30. నవగ్రహ యంత్రములలో సూర్యునికి 15, చంద్రునికి 18, ఇట్లు మూడేసి పెరిగి కేతువునకు 39 అగును. ప్రతి గడిలోను ఒకటి కలిపిన తరువాతి గ్రహయంత్రము సిద్ధించును.

సుగంధమునకు, ప్రసవమునకు, గ్రహశాంతికి ఉపకరించిన ఈ చదరమును సమగ్ర శాస్త్రముగా తీర్చినవాడు నారాయణ పండితుడు. 1356లో రచించిన గణితకౌముదిలో పదునాల్గవ అధ్యాయమును అతడు భద్రగణితమునకే కేటాయించెను. భద్రములను సమగర్భము, విషమగర్భము, విషమము అని మూడు తెగలుగా విభజించి, వానిని అంకశ్రేఢులనుండి సాధించు మార్గమును చూపెను. చిత్రకవితలో ఎటు చదివినను ఒకే తీరుగా నుండు 'సర్వతోభద్ర'బంధము సాహిత్య విద్యార్థులెరిగినదే. అచట అక్షరము చేయు పనిని ఇచట అంకె చేయుచున్నది. సంస్కృత గణితపరిభాష తెలుగునకు కొత్తదియు కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగుపద్యములలోనికి తెచ్చిననాడే అది మనదైనది.

'మాయ' యన్న మాటకు కారణమును అడుగము. 'గణితము' అన్నచో అడుగుదుము. ఆ కారణము ఎంత సులభమో చూతము. మామిడితోటలలో చదరపు పద్ధతిని నాటిన చెట్లు అడ్డసాళ్ళును నిలువుసాళ్ళును తీర్చినట్లుండును. అట్టి తొమ్మిది చెట్లను తలచుకొందము. ప్రతి సాలు కాపును 15 గంపలనుకొందము. నడిమి చెట్టు మీదుగా నాలుగు సాళ్ళు పోవును: అడ్డము ఒకటి, నిలువు ఒకటి, ఐమూలలు రెండు. ఈ నాలుగింటి కాపు 60. ఇందు తొమ్మిది చెట్లును ఒక్కొక్కసారి లెక్కకు వచ్చినవి. నడిమి చెట్టు మాత్రము మూడుసార్లు అదనముగా వచ్చినది. తొమ్మిదింటి కాపు మూడు సాళ్ళది, అనగా 45. మిగిలిన 15 నడిమి చెట్టునకు మూడింతలు. కావున నడిమి అంకె 5. సాలు మొత్తము ఎంతయైనను, అందులో మూడవ వంతే నడిమి గడి.

ఇది తెలిసిన బాలునికి నడుమ 12, ఒక మూల 9 ఇచ్చినచో, మొత్తము 36 అనియు, ఎదుటి మూల 15 అనియు తడుముకొనక చెప్పగలడు. పదునైదు చదరమును కంఠస్థము చేసినవాడు అచటనే నిలిచిపోవును.

1962లో కోరుకొండ సైనిక పాఠశాలయు, 1972లో తాడికొండ గురుకులమును వెలసిననాటినుండి ఇట్టి ప్రవేశపరీక్ష అనేక పల్లె కుటుంబములకు మంచి చదువునకు వాకిలియైనది. ఆ వాకిట పిల్లవాడు ఒక్క ప్రశ్నకు తప్పిపోవుట చిన్న విషయము కాదు. కావున ఉపాధ్యాయులు నిండిన చదరమును చూపుటకు ముందు నాలుగు సాళ్ళ లెక్కను బోధింపవలెననియు, పాఠ్యపుస్తకములు 'మాయాచదరము' సరసన 'భద్రము' అను పేరును నిలుపవలెననియు మేము కోరుచున్నాము.