ఫ్రిజ్ ఆకలి తగ్గిన కథ

1973 నవంబర్. అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరిన రోజులవి. ఒక శుక్రవారం రాత్రి కాలిఫోర్నియాలోని బర్కిలీ ప్రయోగశాల నుంచి ఇంటికి బయల్దేరబోతూ ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ ఆగిపోయారు. ఎన్రికో ఫెర్మీ శిష్యుడైన భౌతిక శాస్త్రవేత్త ఆయన. ఆ అంతస్తులో ఉన్న 20 గదుల్లోనూ లైట్లు వెలుగుతున్నాయి. సోమవారం దాకా అలాగే వదిలేస్తే ఎంత ఇంధనం పోతుందో లెక్క కట్టారు. ఒక్కో గదికి 5 గ్యాలన్ల పెట్రోలుతో సమానమని తేలింది. ఆర్పేద్దామంటే స్విచ్చులు కనబడవు! బీరువాల వెనకా పుస్తకాల అరల వెనకా వెతికి ఆర్పాల్సి వచ్చింది.

ఆ లెక్కలే ఆయన్ని ఫ్రిజ్ దాకా నడిపించాయి.

1947లో అమెరికాలో ఇంటి ఫ్రిజ్ ఏడాదికి సుమారు 350 యూనిట్ల కరెంటు తీసుకునేది. 1970ల నడిమికి అది 1800 దాకా పోయింది. ఈలోగా ఫ్రిజ్ పరిమాణం రెట్టింపు కంటే కాస్త ఎక్కువైందంతే. కరెంటు మాత్రం ఐదు రెట్లయింది. లోపల చోటు ఎక్కువ కనబడాలని గోడలు పల్చన చేశారు, చవకరకం మోటార్లు పెట్టారు. మంచు కట్టకుండా ఒక హీటరు, తలుపు అంచున చెమ్మ పట్టకుండా మరొకటి బిగించారు. చల్లబరచడానికి కొన్న పెట్టెలోనే వేడి పుట్టించి, ఆ వేడిని తోడిపోయడానికి మళ్లీ కరెంటు ఖర్చు పెట్టడం అన్నమాట.

రోసెన్‌ఫెల్డ్ దగ్గర పరిశోధన చేస్తున్న డేవిడ్ గోల్డ్‌స్టీన్ మార్కెట్లో దొరికే ఫ్రిజ్‌ల ధరనూ కరెంటు వాడకాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటికీ పొంతనే లేదు. ఎక్కువ డబ్బు పోసి కొన్నది తక్కువ కరెంటు తాగుతుందన్న నమ్మకం లేదు, చవకది ఎక్కువ తాగుతుందనీ లేదు. అంటే బాగా తిండిపోతు మోడళ్లను అమ్మకుండా ఆపేసినా కొనేవాడికి పోయేదేమీ లేదు. ఈ చిన్న విషయానికి ఎంత బలముందో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్‌కు వెంటనే అర్థమైంది. సన్‌డెజర్ట్ అనే అణువిద్యుత్ కేంద్రం కట్టాలా వద్దా అని రాష్ట్రంలో వాదనలు నడుస్తున్న సమయమది. ఆ కేంద్రం ఇవ్వబోయే కరెంటంత ఫ్రిజ్‌ల దగ్గరే మిగులుతుందని రోసెన్‌ఫెల్డ్ చూపించారు. కాలిఫోర్నియా ఫ్రిజ్‌లకు హద్దులు పెట్టింది. సన్‌డెజర్ట్ కట్టనే లేదు.

ఆ హద్దులు పెట్టిన కాలిఫోర్నియా ఇంధన కమిషన్‌ను పుట్టించిన 1974 చట్టం మీద గవర్నర్‌గా సంతకం చేసింది రొనాల్డ్ రీగన్. అధ్యక్షుడయ్యాక, దేశమంతటికీ ఇలాంటి ప్రమాణాలు తెచ్చే బిల్లును 1986లో అడ్డుకున్నదీ ఆయనే, మరుసటి ఏడాది దాని మీద సంతకం చేసిందీ ఆయనే. 1990, 1993, 2001ల్లో హద్దులు బిగుస్తూ వచ్చాయి. చివరికి కొత్త ఫ్రిజ్ వాడకం ఏడాదికి 500 యూనిట్ల దరికి దిగింది. గాజు ఉన్ని పోయి పాలియురెథేన్ ఫోమ్ వచ్చింది, కంప్రెసర్లు మెరుగయ్యాయి, తలుపుల రబ్బరు బిగువైంది. పెట్టె పెరిగింది, ధర తగ్గింది.

హోటల్ వంటగదిలో నిలబడే స్టీలు ఫ్రిజ్ సంగతిని మాత్రం చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అమెరికాలో 2005 చట్టం దానికి హద్దులు రాసింది, 2010 జనవరి 1 నుంచి అవి అమలయ్యాయి. దేశవ్యాప్త హద్దుల్లో ఇంటి ఫ్రిజ్ కంటే రెండు దశాబ్దాలు ఆలస్యం. నిజానికి ఎక్కువ కష్టపడేది ఇదే. దోసెపిండి గిన్నె, పెరుగు బకెట్టు, బిర్యానీకి మసాలా పట్టించిన మాంసం అన్నీ దీన్లోనే ఉంటాయి. రద్దీ వేళ దీని తలుపు మూసి ఉండనే ఉండదు. కంప్రెసర్ దీని ఒంట్లోనే ఉంటుంది కాబట్టి లోపలి నుంచి తోడిన వేడిని వంటగదిలోకే వదులుతుంది. పొయ్యిల సెగతో ఆ గాలి ముందే కాగి ఉంటుంది.

వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లోనే ఈ ఫ్రిజ్ ఆరోగ్యమంతా ఉంది. దాని ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కరెంటు సుమారు 2 నుంచి 3 శాతం ఎక్కువ కాలుతుంది. పోపుల్లోంచి లేచిన నూనె ఆవిరి, పిండి దుమ్ము కలిసి కండెన్సర్ రేకుల మీద జిగటగా పేరుకుంటాయి. గాలి ఆడక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. దీనికి మందు కొత్త ఫ్రిజ్ కాదు, కరెంటు ఆపి నెలకోసారి బ్రష్షుతో తుడవడం, ఫ్రిజ్‌ను పొయ్యికి దూరంగా జరపడం, వెనక గాలి ఆడే చోటు వదలడం, చిరిగిన రబ్బరు మార్చడం. హోటళ్లలో ఈ పనులు చేసే మనిషెవరో పేరు పెట్టి చెప్పి ఉండరు. అందుకే అవి జరగవు.

లోపల తిరిగే ఫ్యాన్‌దీ పెద్ద పాత్రే. పాతరకం షేడెడ్ పోల్ మోటారు తీసుకున్న కరెంటులో ఐదో వంతు మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడి. ఆ వేడి పుట్టేది చల్లటి గది లోపల! ఇప్పుడు దొరికే ఈసీ (ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న) మోటార్లలో మూడింట రెండు వంతులు పనిగా మారుతుంది. చిన్న ఫ్యాన్ మార్చితే రెండు చోట్ల ఆదా.

ఫ్రిజ్‌లో తిరుగుతూ చల్లబరిచే వాయువు కథ కూడా మారింది. 1993లో జర్మనీలోని ఫోరాన్ కంపెనీ, గ్రీన్‌పీస్ చొరవతో, ఓజోన్‌కు హాని చేయని హైడ్రోకార్బన్ వాయువులతో ఇంటి ఫ్రిజ్ తయారుచేసింది. హోటల్ ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడుతూ వచ్చిన ఆర్404ఏ వాయువు వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 3900 రెట్లు తీవ్రమైనది. దాని చోటును ఇప్పుడు ప్రొపేన్ తీసుకుంటోంది. కరెంటు కూడా తక్కువే పడుతుంది. మండే వాయువు కాబట్టి వాయువు తిరిగే ఒక్కో సర్క్యూట్‌కు 150 గ్రాములు మించకూడదన్న అంతర్జాతీయ పరిమితి ఉండేది. 2019లో దాన్ని సుమారు 500 గ్రాములకు పెంచారు.

మన దేశంలో కరెంటు వాడకం తెలిపే స్టార్ లేబుల్ 2006లో మొదలైంది. 2010లో ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు తప్పనిసరైంది. డీప్ ఫ్రీజర్లకు 2020లో స్వచ్ఛంద పద్ధతిలో వచ్చింది. హోటళ్లవాళ్లు స్థానికంగా చేయించుకునే స్టీలు ఫ్రిజ్‌ల మీద ఏడాదికెన్ని యూనిట్లన్న అంకె అరుదుగా కనిపిస్తుంది. ఐరోపాలో 2016 జూలై నుంచి వంటగది ఫ్రిజ్‌లకూ లేబుల్ ఉంది. అక్కడ మామూలు రకాన్ని 30 డిగ్రీల గాలిలో పరీక్షిస్తే, కష్టమైన చోట్ల పనిచేసే రకాన్ని 40 డిగ్రీల్లో పరీక్షిస్తారు. మే నెలలో విజయవాడ వీధిలోనే 40 దాటుతుంది. ఇక్కడ ఫ్రిజ్ కొనే హోటల్ యజమాని ధర అడిగే ముందే, ఏడాదికెన్ని యూనిట్లు, ఎన్ని డిగ్రీల వేడిలో పరీక్షించారు అని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.