గడప దాటిన పిల్లలు: నంగలి చుట్టూ వసతి బడుల సింహావలోకనం

నంగలి పేరు శాసనాలకెక్కి తొమ్మిది వందల ఏళ్లవుతోంది. హొయసల విష్ణువర్ధనుడి రాజ్యానికి తూర్పు హద్దు నంగలి కనుమేనని ఆ శాసనాలు చెబుతాయి. ఇప్పటికీ అది హద్దే. బెంగళూరు నుంచి చిత్తూరు వెళ్లే దారిలో ఇక్కడి చెక్‌పోస్టు దాటితే పలమనేరు వైపు ఆంధ్ర మొదలవుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో మాట తెలుగు, సర్కారు బడిలో పాఠం కన్నడం, బెంగళూరు కొలువు అడిగేది ఇంగ్లీషు. ఈ మూడింటినీ పట్టుకుని పిల్లలు పైకి రావాలంటే ఊరు విడిచి చదవక తప్పని కాలం చాలాకాలం నడిచింది. అందుకే ఈ సీమ చదువుల కథలో పెద్ద భాగం ఇల్లు విడిచిన పిల్లల కథ. ప్రతి తరంలోనూ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: చోటు ఎవరికి దొరికింది?

గురుకులం, వారాలు

మొదటి వసతి చదువు మఠాల్లో దొరికింది. పదిహేనో శతాబ్దంలో నంగలికి దగ్గరలోని ముళబాగిలులో శ్రీపాదరాజుల దగ్గర విద్యాపీఠం వర్ధిల్లింది. విజయనగర చక్రవర్తులకు గురువైన వ్యాసతీర్థులు అక్కడే ఉండి శాస్త్రాలు చదువుకున్నారు. ఆ విద్య ఎంత గొప్పదైనా దాని గడప ఇరుకు. ఆడపిల్లకూ, రైతు బిడ్డకూ, మాల మాదిగ వాడల పిల్లలకూ అక్కడ చోటు లేదు.

ఇంగ్లీషు బళ్లు వచ్చాక పల్లె కుర్రాళ్లు పట్నం దారి పట్టారు. హాస్టళ్లు లేని ఆ రోజుల్లో వారాలు చేసుకుని, ఒక్కో రోజు ఒక్కో ఇంట భోంచేసి, వీధి అరుగుల మీద చదువుకున్నారు. అప్పటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లిలో తెలుగింట పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ పూర్తి చేశారు. 1887లో ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్ప మెట్రిక్యులేషన్ గట్టెక్కలేకపోయినా కన్నడ సాహిత్యంలో శిఖరమయ్యారు. వాళ్లు మహానుభావులు. అయితే వారాల అన్నం కొన్ని కులాల మగపిల్లలకే దొరికేదన్న సంగతి మరవకూడదు. ఆ లోటు చూసే తర్వాతి కాలంలో కుల సంఘాలు తమ పిల్లల కోసం హాస్టళ్లు కట్టుకున్నాయి. 1906లో పుట్టిన ఒక్కలిగర సంఘం అలాంటిదే.

కరువు తెచ్చిన ఆశ్రయం

ఈ గడపను మొదట బద్దలు కొట్టింది కరువు. 1876–78 నాటి మహా కరువులో దిక్కులేని పిల్లల్ని చేరదీసి లూయిసా యాన్‌స్టీ అనే మిషనరీ కోలారులో అనాథాశ్రమం నడిపారు. తర్వాత అది అమెరికన్ మెథడిస్టుల చేతికొచ్చింది. అక్కడ చేరడానికి పరీక్ష లేదు, కులం పట్టింపు లేదు, ఆకలే అర్హత. అన్నంతో పాటు మతం కూడా వచ్చిందన్నది నిజం. అక్షరం దరిదాపులకు రాలేని పిల్లలకు పక్క, పలక దొరికాయన్నదీ అంతే నిజం.

ఈ సీమలోనే కోలారు బంగారు గనులు లేచాయి. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లిన తెలుగు కూలీలు వేల అడుగుల లోతున రాయి కొట్టారు. దొరల పిల్లలకు దొరికిన బడి ఆ కూలీల పిల్లలకు దొరకడానికి చాలాకాలం పట్టింది. 2001లో గనులు మూతపడ్డాక ఆ కుటుంబాలకు పిల్లల చదువే మిగిలిన ఆస్తి.

రిషివ్యాలీ: గోడ దాటిన పాఠం

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920లలో ఆ ఊరి దగ్గరే ఒక లోయను ఎంచుకున్నారు. అక్కడొక పెద్ద మర్రిచెట్టు ఉండేది. 1930ల మొదట్లో మద్రాసు గిండీలోని బడి అక్కడికి తరలివచ్చి రిషివ్యాలీ స్కూలుగా నిలదొక్కుకుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే ఆవరణలో ఉండి, భయం లేకుండా, ర్యాంకుల పోటీ లేకుండా చదవడం మన సీమలో అప్పటికి ఊహకందని సంగతి. సాయంత్రం పిల్లలంతా మాటలు మాని పడమటి కొండల మీద సూర్యాస్తమయం చూడటం అక్కడ దినచర్యలో భాగం.

అక్కడ చేరాలంటే దరఖాస్తు, పరీక్ష, తల్లిదండ్రులతో ముఖాముఖి, ఆపైన పెద్ద ఫీజు. నంగలి రైతుకు అది అందని పండే. అయినా ఆ బడి తన విద్యను లోపలే దాచుకోలేదు. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్లు పెట్టింది. ఒకే టీచరు, ఒకే గదిలో, అన్ని తరగతుల పిల్లలకూ పాఠం చెప్పేలా వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు కార్డులతో ఒక పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ ఒక కార్డు పెట్టి, ఎవరి వేగంతో వాళ్లు ఎక్కేలా చేయడం దాని కిటుకు. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు దాన్ని చూసి స్ఫూర్తి పొంది 'నలి-కలి' మొదలుపెట్టారు. అదే తర్వాత కర్ణాటక సర్కారు ప్రాథమిక బళ్లకు పాకింది. రిషివ్యాలీలో సీటు దొరకని పిల్లల దగ్గరికి రిషివ్యాలీ పాఠమే నడిచొచ్చింది. మంచి బడి చేయగల అతి పెద్ద ఉపకారం ఇదేనని నా నమ్మకం.

సర్కారు తెరిచిన తలుపు

పేద పిల్లవాడికి మంచి వసతి చదువు ప్రభుత్వమే ఇవ్వాలన్న ఆలోచన 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులమై మొలిచింది. మరుసటి ఏడాది తాడికొండలో, రాయలసీమకు హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో అలాంటివే వచ్చాయి. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు వాటిలో చదివి పెద్ద అధికారులు, డాక్టర్లు అయ్యారు. కాని అవి మగపిల్లలవి. ఆడపిల్లల గురుకులాలు వేరుగా, ఆలస్యంగా వచ్చాయి.

ఆ కొరత తీర్చింది నవోదయ. గురుకులాలకు అండగా నిలిచిన పి.వి. నరసింహారావే కేంద్ర మానవ వనరుల మంత్రిగా ఉండగా 1986 విద్యావిధానంతో జిల్లాకో నవోదయ విద్యాలయం అన్న సంకల్పం రూపం దాల్చింది. ఇప్పుడు దేశంలో ఆరు వందలకు పైగా ఉన్నాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాది మదనపల్లె దగ్గర వలసపల్లెలో ఉంది, కోలారు జిల్లాకూ ఒకటి ఉంది. ఆరో తరగతిలో 80 సీట్లు, వాటిలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు.

అక్కడి బతుకు చేరిన రోజే కొత్తగా మొదలవుతుంది. తాళం వేసిన రేకు ట్రంకు పెట్టె, పేరు చెక్కించిన కంచం, గ్లాసు. తెల్లవారగానే పీటీ, మెస్ దగ్గర వరుస, రాత్రి పర్యవేక్షణలో చదువు. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులు. తొమ్మిదో తరగతిలో కొందరు హిందీ రాష్ట్రానికి వెళ్లి ఏడాది చదువుతారు, అక్కడివాళ్లు ఇక్కడికొస్తారు. సంగటి ముద్ద తిని పెరిగిన పిల్ల రొట్టె తినడం నేర్చుకుంటుంది. ఒకే క్లాసులో పోటీ పడి, ఒకే మైదానంలో ఆడి పెరిగిన మగపిల్లవాడు ఆడపిల్లను తోటి మనిషిగా చూడటం నేర్చుకుంటాడు. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా నేర్పలేదు.

కర్ణాటక ప్రభుత్వం కూడా మొరార్జీ దేశాయి వసతి బళ్లు తెరిచి, ప్రవేశ పరీక్ష ద్వారా ఆరో తరగతిలో పిల్లల్ని చేర్చుకుని పదో తరగతి దాకా చదివిస్తోంది.

ఇప్పుడు గడప దగ్గర ఎవరున్నారు?

కులం అడ్డు చట్టం ముందు తొలగింది. ఆడపిల్లకు తలుపు తెరుచుకుంది. మిగిలిన అడ్డు సమాచారం, శిక్షణ. నవోదయ పరీక్ష రెండు గంటలది, 80 ప్రశ్నలు. మానసిక సామర్థ్యానికి 50 మార్కులు, లెక్కలకు 25, భాషకు 25. పదేళ్ల పిల్లకు జీవితంలో ఒక్కసారే ఆ పరీక్ష రాసే వీలుంది. పట్నం కోచింగ్‌లో ఏడాదంతా తర్ఫీదు పొందిన పిల్లాడి పక్కన, దరఖాస్తు గడువు ముగిశాక సంగతి తెలిసిన పాడి రైతు బిడ్డ ఎలా నిలుస్తుంది? పాల డబ్బుతో ఇల్లు నడుపుకునే తల్లి ప్రైవేటు హాస్టల్ ఫీజు కట్టలేదు. ఊళ్లోకి వచ్చే ప్రైవేటు బడి బస్సు కిరాయే ఆమెకు భారం.

అందుకే ఈ పొలిమేర ఊళ్లలో నాలుగు పనులు జరగాలి. ప్రవేశాల ప్రకటన తెలుగులోనూ కన్నడంలోనూ ప్రతి పంచాయతీలో అతికించి, ప్రతి డెయిరీ దగ్గర చదివి వినిపించాలి. నాలుగో తరగతి నుంచే సర్కారు బడిలోనే, పిల్లలందరికీ, ఉచితంగా ఈ పరీక్షకు తయారీ ఇవ్వాలి. వసతి బళ్లలో సగం సీట్లు ఆడపిల్లలకు రావాలి. సీటు రానివాళ్లు చదివే ఊరి బడి కూడా నలి-కలి చూపిన దారిలో బలపడాలి. ఎంచి తీసుకున్న 80 మందిని చూపి మురిసిపోవడం తేలిక. ఐదు వందల ఏళ్లుగా ఇరుకు గడపలు చూసిన ఈ సీమ మిగిలిన పిల్లల లెక్క కూడా అడగాలి.